ఫ్రిజ్ అత్యవసరం కాదట

2020 ఏప్రిల్ రెండో వారం. తెల్లవారుజామున మంచినీళ్ళకని వంటింట్లోకి పోతే ఏదో తేడాగా అనిపించింది. రెండు నిమిషాలు నిలబడి చూశాక గాని తెలియలేదు, ఫ్రిజ్ శబ్దం లేదని. తలుపు తీస్తే లైటు వెలిగింది. లోపల మాత్రం బయట ఎంత వేడో అంతే వేడి. పై అరలో మంచు కరిగి కింద కూరగాయల డబ్బాలోకి కారుతోంది. పాలు, పెరుగు, నానబెట్టిన ఇడ్లీ పిండి నాకు గుర్తుకు రాలేదు. తలుపు అరలో ఉన్న మా అత్తమ్మ ఇన్సులిన్ సీసాల మీదికే పోయింది చెయ్యి. నాలుగు సీసాలు. అందులో మూడు మూత తీయనివి.

లాక్‌డౌన్ మొదలై అప్పటికి మూడు వారాలు కావస్తోంది. మా వెంకటగిరికోటలో మందుల అంగడి, పాలు, కూరగాయలు తప్ప అన్నీ మూత. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "అక్కా, రావడానికైతే సందుల్లోంచి వస్తా. సామాను యాడ తేవాల? బెంగళూరు అంగళ్ళన్నీ మూసుండారు" అన్నాడు.

అయినా వచ్చాడు పాపం, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. వెనక తట్టు విప్పి, కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి, రిలే తీసి ఊపి చూశాడు. రిలే ఒక్కటే అయితే ఎక్కడో పాతది వెతికి వేసేవాణ్ణి, గ్యాస్ కూడా పోయింది అన్నాడు. మాది 1999లో కొన్నది. అందులో ఉన్నది ఇప్పుడు దొరకని పాత గ్యాస్. వేరే గ్యాస్ ఎక్కించాలంటే కంప్రెసర్ మార్చాలి, లేదంటే అందులోని ఆయిల్ అయినా మార్చాలి. ఇరవై ఒక్కేళ్ళ ఫ్రిజ్‌కి ఆ ఖర్చు దండగ అని వాడే చెప్పాడు.

ఈ గ్యాస్ సంగతి ఆ తీరిక రోజుల్లో కూర్చుని చదివాను. తొలి రోజుల ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి వాడేవారు. కారితే మనుషులకే ప్రమాదం. 1928 ప్రాంతంలో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన బృందం వాసన లేని, మండని, విషం కాని గ్యాస్‌ని తయారుచేసింది. ఫ్రియాన్ అన్నారు దాన్ని. ఇంటింటికీ ఫ్రిజ్ రావడానికి అదో పెద్ద కారణం. తీరా చూస్తే అది ఆకాశంలో ఓజోన్ పొరని తినేస్తోందని యాభై ఏళ్ళ తర్వాత తెలిసింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం అయింది. మన దేశంలో 2003 నుంచి కొత్త ఫ్రిజ్‌లలో ఆ గ్యాస్ నింపకూడదన్నారు, 2008లో దాని తయారీయే ఆపేశారు. కాబట్టి మా వంటింట్లో మూలన నిలబడింది ఆ పాత కాలపు చివరి బ్యాచ్‌లలోది అన్నమాట.

సరే, కొత్తది కొందామంటే అంగడి లేదు. ఏప్రిల్ 15న ఒక కబురు వచ్చింది. 20వ తేదీ నుంచి ఆన్‌లైన్ కంపెనీలు అన్ని వస్తువులూ అమ్ముకోవచ్చని కేంద్రం నిబంధనలు ఇచ్చింది. టీవీలు, ఫోన్లు, ఫ్రిజ్‌లు అన్నీ అమ్ముతారని పేపర్లలో రాశారు. మా ఆయన ఫోన్లో ఒక చిన్న ఫ్రిజ్ ఎంచి పెట్టుకుని సోమవారం కోసం కాచుకున్నారు. ఆదివారం, అంటే 19న, ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అత్యవసరం కాని వస్తువులు అమ్మడానికి లేదు. ఫ్రిజ్ ఆ 'కాని' వాటిలో పడింది.

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. కోపం అనలేను. బయట రోగం అలా ఉంది, డెలివరీ పిల్లలకీ ప్రాణాలున్నాయి. కానీ ఈ 'అవసరం కాదు' అన్న ముద్ర ఫ్రిజ్‌కి కొత్తగా పడిందా అని వెనక్కి చూస్తే, దాని పుట్టుక నుంచీ ఆ ముద్ర ఉంది.

మన దక్షిణాదికి తొలిగా ఐసు వచ్చిందే దొరల సోకుకి. అమెరికాలో బోస్టన్ దగ్గర చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని దిమ్మెలుగా కోసి, రంపపు పొట్టులో చుట్టి, ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేయించి తెచ్చేవారు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో కలకత్తాకి తెచ్చాడు. మద్రాసు సముద్రం ఒడ్డున 1842లో దానికోసమే ఒక గుండ్రటి భవనం కట్టారు. ఇప్పుడు వివేకానంద ఇల్లం అంటున్నది అదే, ఆ పేటకి ఐస్ హౌస్ అన్న పేరు మాత్రం నేటికీ పోలేదు. మా ప్రాంతం అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా, మద్రాసు కిందే. ఇక్కడి ఆడవాళ్ళకి ఆ ఐసు సంగతి తెలిసే దారే లేదు. వాళ్ళకున్నవి ఉట్టి, కుండ, దాలి. దాలిగుంటలో పిడకల మంట సన్నగా రాజేసి పాలకుండ పెడితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలు విరగకుండా కాగుతూనే ఉండేవి, మీగడ ఎర్రగా కట్టేది. ఆ పాల తోడు రుచి నాకు మా అవ్వ దగ్గర తెలుసు.

కరెంటు సంగతి ఇంకా చిత్రం. మాకు సుమారు 30 కిలోమీటర్లలో ఉన్న కోలారు బంగారు గనులకి 1902లోనే శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు తీగలు వేశారు. దగ్గర దగ్గర 147 కిలోమీటర్ల లైను. మన దేశంలో అంత దూరం కరెంటు పంపడం అప్పటికి కొత్త. బంగారానికి అంత త్వరగా వచ్చిన వెలుగు, చుట్టుపక్కల పల్లెల వంటిళ్ళకి రావడానికి మరో రెండు మూడు తరాలు పట్టింది.

ఫ్రిజ్ విషయంలో మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గది ఒకటుంది, ఆల్విన్. చిన్నప్పుడు నేను ఆల్విన్ అంటే ఏ ఇంగ్లీషు దొర పేరో అనుకునేదాన్ని. కాదు. 1942లో హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధీ, అల్లాదీన్ అండ్ కంపెనీ అనే సంస్థా కలిసి పెట్టిన కార్ఖానా అది. ఆ అల్లాదీన్ పేరులోంచే ఆల్విన్ అయిందంటారు. బస్సుల బాడీలు కట్టింది, ఇనప సామాను చేసింది, తర్వాత ఫ్రిజ్‌లు చేసింది, జపాన్ సీకో సాయంతో వాచీలు కూడా చేసింది. బొంబాయిలో గోద్రెజ్ వాళ్ళు 1958లో మన దేశపు ఫ్రిజ్ తెచ్చారు. నా చిన్నతనంలో మా వీధిలో ఒక్క ఇంట్లో ఫ్రిజ్ ఉండేది, అది ఆల్విన్. వంటింట్లో కాదు, హాల్లో, కుట్టుపూల గుడ్డ కప్పుకుని, తాళం వేసుకుని ఉండేది. ఎవరికైనా జ్వరం ఎక్కువైతే నుదుటి మీదికి ఐసుముక్కలకని గిన్నె పట్టుకుని వాళ్ళింటికే పోయేవాళ్ళం. ఆ ఇంటి అత్త తాళంచెవి కొంగు ముడిలోంచి తీసేది.

అప్పట్లో కంపెనీలు ఎన్ని చేయాలో లైసెన్సు చెప్పేది. ప్రభుత్వం ఫ్రిజ్‌ని విలాస వస్తువుల లెక్కలో వేసి ఎక్సైజ్ సుంకం గట్టిగా వసూలు చేసేది. డబ్బు కట్టి ఎదురుచూడటం మామూలు. 1991 తర్వాత కొరియా కంపెనీలు వచ్చాయి, కొరత పోయింది, 1990ల్లోనే మన ఆల్విన్ వోల్టాస్‌లో కలిసిపోయింది. కొరత తీరడం, మనదన్నది పోవడం ఒకేసారి జరిగాయి. నాకు ఇది తలుచుకుంటే సంతోషపడాలో బాధపడాలో తెలియదు. సుంకం ముద్ర మాత్రం నిలిచింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు కూడా ఫ్రిజ్‌ని 28 శాతంలో పెట్టారు. ఏడాది తర్వాత, 2018 జూలైలో, 18కి దించారు.

మా ఇంట్లోనూ ఇదే వాదన జరిగిందట. 1999లో పట్టుగూళ్ళకి మంచి ధర పలికిన ఒక పంటలో అత్తమ్మ ఫ్రిజ్ కావాలంది. మామయ్య "మనకెందుకీ సోకు, కుండ లేదా" అన్నారట. పురుగులకి అర్ధరాత్రి లేచి మల్బరీ ఆకు వేసింది నేను, డబ్బు నాది అని అత్తమ్మ పట్టుబట్టి తెప్పించుకుంది. అప్పటికి ఆమెకి షుగర్ లేదు. తర్వాత పదేళ్ళకి ఆ సోకే ఆమె మందుపెట్టె అయింది.

అమెరికా లాంటి చోట కూడా ఒకప్పుడు ఇళ్ళకి ఫ్రిజ్ దొరకని కాలం ఉంది. ఆల్విన్ పుట్టిన 1942లోనే, యుద్ధం కోసమని అక్కడి ప్రభుత్వం ఇళ్ళకి ఫ్రిజ్‌లు చేయడం ఆపించేసింది. ఆ కార్ఖానాలు యుద్ధ సామాను చేశాయి. ఉన్నదాన్నే బాగుచేసుకుని లాగించారు జనం, ఐసుపెట్టెలు మళ్ళీ వాడకంలోకి వచ్చాయి. ఆ సంగతి చదువుతుంటే నా పక్కన మా చెడిపోయిన ఫ్రిజ్ తలుపు తెరుచుకుని ఉంది, వాసన రాకుండా.

ఇక మేమెలా లాగించామో చెప్తాను. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మూత తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డ కట్టినా పనికిరాదు, వాడుతున్న సీసా మాత్రం వేడి మరీ ఎక్కువ కాని చోట నాలుగు వారాలు ఉంచుకోవచ్చు అన్నారు. మూత తీయని మూడింటినీ మందుల అంగడి అబ్బాయి తన ఫ్రిజ్‌లో పెట్టాడు, పైన అత్తమ్మ పేరు రాసి. నేనే మూడు రోజులకోసారి పోయి ఉన్నాయా లేవా అని చూసి వచ్చేదాన్ని, వాడు నవ్వేవాడు. వాడుతున్న సీసాకి అత్తమ్మే దారి చెప్పింది. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, చిన్న కుండలో మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బా, పైన తడిగుడ్డ. మాది ఎత్తు ప్రాంతం, గాలి పొడిగా ఉంటుంది, అందుకే కుండ బాగా పనిచేసింది. ఉక్కపోత ఉండే నెల్లూరు, మద్రాసుల్లో ఇంత పనిచేయదు, నీరు ఆవిరైతేనే కదా చల్లబడేది. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే టీచరు ఇదే రెండు కుండల పద్ధతిని కూరగాయల కోసం ఊరూరా పంచి 2000లో రోలెక్స్ అవార్డు తీసుకున్నారు. అత్తమ్మకి చెప్తే, "మా అమ్మకి ఇయ్యలేదే ఎవురూ" అంది.

నాకు మాత్రం ప్రతి పొద్దునా భయమే. సూది వేసేముందు సీసాని వెలుతురులో పెట్టి మబ్బుగా ఉందా అని చూసేదాన్ని. అది మామూలుగానే తెల్లగా ఉండే రకం, దాన్ని చూసి చెడిందో లేదో నాకేం తెలుస్తుంది! పక్కనే షుగర్ మిషన్ పెట్టుకుని అంకెలు పుస్తకంలో రాసుకోవడం ఒక్కటే దారి అయింది. ఒకరోజు 290 వచ్చింది. ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. మర్నాడు 170. ముందురోజు మామిడిపండు తిన్నానని సాయంత్రానికి ఒప్పుకుంది మహాతల్లి.

మేముండేది మూడు రాష్ట్రాల ముడి. మామూలు రోజుల్లో పెద్ద వస్తువు కావాలంటే కేజీఎఫ్‌కో, బెంగళూరుకో పోతాం, పెళ్ళి సామానుకి గుడియాత్తం, పేర్నంబట్టు. ఆ ఏప్రిల్‌లో ఆ దారులన్నీ చెక్‌పోస్టులే. ఏప్రిల్ చివర్లో వేలూరు జిల్లా వైపు గుడియాత్తం–పలమనేరు రోడ్డుకి అడ్డంగా ఏకంగా గోడే కట్టారు. విమర్శలు వచ్చాక ఒకట్రెండు రోజుల్లో పడగొట్టారు గాని, ఆ ఫొటో చూసిన రోజు ఫ్రిజ్ మీద ఆశ వదిలేసుకున్నాను.

మే నెలలో అంగళ్ళు తెరిచారు. తెరిస్తే ఏముంది, లోపల ఖాళీ. ఫ్రిజ్‌లకి గిరాకీ ఉండేది మార్చి నుంచి మే దాకా. సరిగ్గా అప్పుడే కార్ఖానాలు మూతపడ్డాయి, పనివాళ్ళు ఊళ్ళకి నడిచి వెళ్ళిపోయారు, చైనా నుంచి రావాల్సిన కంప్రెసర్లు, విడిభాగాలు ఆగిపోయాయి. అంగడాయన పుస్తకంలో మా ముందు పదకొండు పేర్లున్నాయి. రంగు, కంపెనీ, లీటర్లు అడగొద్దు, వచ్చింది తీసుకోవాలి అన్నాడు. మా ఆయన ఇన్సులిన్ సంగతి చెప్తే ఆయన కాసేపు ఆలోచించి, మా పైనున్న రెండు పేర్ల వాళ్ళకి ఫోన్ చేశాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

జూన్ మూడో వారంలో వచ్చింది, 190 లీటర్లు, సింగిల్ డోరు, నేను జన్మలో ఎంచుకోని ముదురు ఊదా రంగు. దించిన కుర్రాళ్ళు పాతది తీసుకుపోతాం, ఎక్స్ఛేంజిలో ఎనిమిది వందలు తగ్గిస్తాం అన్నారు. అత్తమ్మ అడ్డంగా నిలబడింది. "నా గూళ్ళ డబ్బు అది. ఎనిమిది నూర్లకా?"

ఇప్పుడది వెనక వసారాలో ఉంది. రాగిపిండి, కందిపప్పు, బెల్లం అందులోనే, ఎలుక దూరలేదు కాబట్టి. పిల్లలు ఆడుతూ లోపల దాక్కుంటారేమోనని తాళం పీకించేసి, రబ్బరు బీడింగ్ కూడా తీయించేశాను. తాళంచెవి మాత్రం అత్తమ్మ గుత్తిలోనే ఉంది, తీసేయమంటే వినదు.