సీఎస్ఐ ఒకటే, డయోసిస్‌లు రెండెందుకు? 1947లో నంద్యాల ‘మేం రాము’ అన్న కథ

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఫోన్‌లో మ్యాప్ తీసి కడపలో సీఎస్ఐ ఆఫీసు ఎక్కడుందో వెతకండి. రాయలసీమ డయోసిస్ అని వస్తుంది. ఇప్పుడు నంద్యాలలో వెతకండి. నంద్యాల డయోసిస్ అని వస్తుంది. అదేంటి, నంద్యాల రాయలసీమలో లేదా? రెండూ సీఎస్ఐ అయినప్పుడు పక్కపక్కనే ఇద్దరు బిషప్పులు ఎందుకు?

మా కల్లూరులో చిన్నప్పటి నుంచి చర్చి అంటే ఒకటే అనుకునేవాళ్లం. హంద్రీ దాటి కర్నూలు టౌన్‌లోకి పోతే కోల్స్ పేరు కనిపిస్తుంది, అది అమెరికన్ బాప్టిస్టుల లైన్. నంద్యాల వైపు పోతే ఇంగ్లండ్ చర్చి లైన్. కడప, గుత్తి, జమ్మలమడుగు వైపు పోతే లండన్ మిషన్ లైన్. మన తాతలు ఏ లైన్‌లోకి వెళ్లారనేది సిద్ధాంతం చూసుకుని తీసుకున్న నిర్ణయం కాదు. వాళ్ల ఊరికి ముందు ఎవరు వచ్చారనేదే లెక్క.

కడపకి ముందు వచ్చింది లండన్ మిషనరీ సొసైటీ. 1822లో విలియం హోవెల్ అనే ఆయన అక్కడ పని మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లు చేశాడు. తర్వాత, 1840ల మొదట్లో, ఆయనే పార్టీ మారాడు! లండన్ మిషన్ వదిలేసి ఇంగ్లండ్ చర్చిలోకి, అంటే ఆంగ్లికన్ల వైపు వెళ్లిపోయాడు. పాస్టర్ మారడం అంటే మనకి ట్రాన్స్‌ఫర్. ఇక్కడ పాస్టరే చర్చి మారాడు. కొంతకాలానికి లండన్ మిషన్ వాళ్లు మళ్లీ మనుషుల్ని పంపి కడప పని కొనసాగించారు. అట్లా ఒకే జిల్లాలో రెండు లైన్లు పడ్డాయి.

ఆంగ్లికన్ల వైపు పని నడిపిన సంస్థ పేరు ఎస్‌పీజీ. నంద్యాల ఎస్‌పీజీ స్కూల్ పేరు విన్నారు కదా, అదే ఎస్‌పీజీ. 1850లలో ఇప్పటి చాగలమర్రి మండలంలోని ముత్యాలపాడు వీళ్లకి పెద్ద కేంద్రం అయింది. జాన్ క్లే అనే పాదిరి అక్కడ ఏళ్ల తరబడి ఉన్నాడు. చుట్టుపక్కల మాలవాడల పెద్దలు ఒక్కొక్కరుగా కాదు, వాడకు వాడగా వచ్చారు. వాళ్లు అడిగింది ఏంటో తెలుసా? మా ఊరికి ఒక పంతుల్ని పంపండి అని. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజులవి.

కాబట్టి పాస్టర్ల లిస్టు చూసేటప్పుడు నాదొక మాట. గోడ మీద చెక్కిన పేర్లలో మొదట దొరలు ఉంటారు. కానీ దొర ఎప్పుడో ఎండాకాలం, చలికాలం గుర్రం మీదో బండి మీదో వచ్చి పోయేవాడు. రోజూ ఊళ్లో ఉండి, పొద్దున పిల్లలకి పలక మీద అక్షరాలు దిద్దించి, సాయంత్రం ప్రార్థన చేయించి, ఎవరైనా చనిపోతే పాడె దగ్గర నిలబడింది మాత్రం ఉపదేశి. ఆయన పేరు చాలా చోట్ల ఏ రాతి మీదా లేదు.

తర్వాత 1876-78 కరువు. ధాత కరువు అని పెద్దోళ్లు చెప్తారే, అదే. కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ ఏళ్లలో, ఆ తర్వాత అన్ని మిషన్లలోనూ సభ్యుల లెక్క పెరిగింది. గంజి కోసం మారారని ఈరోజుకీ ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు. గంజే కారణమైతే వానలు పడ్డాక అందరూ వెనక్కి పోవాలి కదా. ఎక్కువ మంది పోలేదు.

1912 డిసెంబర్‌లో అజరయ్య గారు దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. తర్వాత నంద్యాల ప్రాంతం కూడా దోర్నకల్ కిందికి వచ్చింది. ఈ దేశంలో ఇన్ని మిషన్లు, ఇన్ని పేర్లు ఎందుకు, అందరం కలవాలి అని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. ఆ కలయిక చూడకుండానే 1945 జనవరి 1న చనిపోయారు.

1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ వాళ్లు ఉన్న సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి కలిసి సీఎస్ఐ అయ్యాయి. దోర్నకల్ కలిసింది. కడప, గుత్తి కలిశాయి. నంద్యాల వైపు వేల మంది మాత్రం మేం రాము అన్నారు. నా భాషలో చెప్పాలంటే అన్ని బ్రాంచ్‌లూ మెర్జ్ అయ్యాయి, ఒక్క నంద్యాల బ్రాంచ్ మాత్రం ఓపెన్‌లోనే ఉండిపోయింది.

ఎందుకు? పైకి చెప్పిన కారణం పాస్టర్ గురించే. ఆంగ్లికన్ పద్ధతిలో బిషప్ తల మీద చేతులుంచి ఆర్డినేషన్ ఇస్తేనే ఆయన పాదిరి. లండన్ మిషన్‌లో అసలు బిషప్పులే లేరు. కలిశాక అటువైపు అయ్యగారు కూడా అంతే అర్హతతో ప్రభువు బల్ల ఇస్తాడు. సంఘానికి ఇష్టం లేని పాస్టర్‌ని బలవంతంగా పెట్టం అని సీఎస్ఐ రాజ్యాంగంలోనే మాట ఇచ్చారు. అయినా నమ్మకం కుదరలేదు.

నా అంచనా, కేవలం సిద్ధాంతమే అయితే ఇంత దూరం పోయేది కాదు. జీతాలు, స్కూళ్లు, హాస్టళ్లు, స్థలాలు అన్నీ ఎస్‌పీజీ పేరుతో ముడిపడి ఉన్నాయి. బయట ఊరు గౌరవం ఇవ్వనప్పుడు వంద ఏళ్లు ఆ మూడక్షరాలే గౌరవం ఇచ్చాయి. రేపట్నుంచి ఆ పేరు ఉండదు అంటే భయం వేయదా?

కలవనందుకు ఏమైంది? చుట్టూ ఉన్న బిషప్పులందరూ సీఎస్ఐ. నంద్యాల మాత్రం కలకత్తా కింద! వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. 1950లలో ఆర్థర్ పార్ట్రిడ్జ్ అనే దొర కలకత్తా అసిస్టెంట్ బిషప్ హోదాలో నంద్యాల సంఘాలను చూసుకున్నాడు. మిగతా చోట్ల భారతీయ బిషప్పులు వస్తున్న కాలంలో ఇక్కడ మళ్లీ దొర. 1963లో నంద్యాల సొంత డయోసిస్ అయింది.

1970లో ఉత్తరాది ఆంగ్లికన్లు కూడా మిగతా సంఘాలతో కలిసి సీఎన్ఐ అయిపోయారు. అంటే ఏ పాత చర్చి కోసం నంద్యాల ఇన్నేళ్లు నిలబడిందో, ఇండియాలో ఆ చర్చే లేకుండా పోయింది. 1975లో నంద్యాల సీఎస్ఐలో చేరింది. కానీ చేరినప్పుడు తన డయోసిస్ తను ఉంచుకుంది, కడపలో కలపలేదు. మన మొదటి ప్రశ్నకి జవాబు అదే. ఇరవై ఎనిమిదేళ్ల మొండితనం ఈరోజు ఒక ఆఫీసు బోర్డుగా మిగిలింది.

ఇప్పుడు మన ఊళ్లలో ఇంకో మార్పు నడుస్తోంది. సీఎస్ఐలో అయ్యగారికి కొన్నేళ్లకి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, సామాన్లు లారీ ఎక్కుతాయి, కొత్త అయ్యగారు దిగుతారు. పక్క వీధిలో సొంతంగా పెట్టుకున్న మందిరంలో పాస్టర్ మారడు, ఆయన తర్వాత చాలా చోట్ల కొడుకే. నాకైతే ట్రాన్స్‌ఫర్ పద్ధతే మేలనిపిస్తుంది. లెక్కలు అడగడానికి కొత్త మనిషి వస్తాడు. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఈ ఆదివారం చర్చికి వెళ్తే గుమ్మం పక్కన ఉండే పునాదిరాయి ఒకసారి చూడండి. సున్నం కొట్టేసి ఉంటే చెయ్యి పెట్టి తడమండి. ఎస్‌పీజీ అని ఉందా, ఎల్‌ఎంఎస్ అని ఉందా? ఆ ఊళ్లో ఎనభై దాటిన అవ్వ ఎవరైనా ఉంటే, మొదటి ఉపదేశి పేరేంటని అడిగి రాసిపెట్టుకోండి.