సిగ్వాతెరా: ఒక చేప విషం చరిత్ర

1774 జులైలో కెప్టెన్ జేమ్స్ కుక్ నౌక రిజల్యూషన్, నేటి వనువాటులోని మలకులా దీవి వద్ద ఆగింది. అక్కడ గాలానికి చిక్కిన ఎర్రని చేపలను తిన్న అధికారులు ఆ రాత్రే తలనొప్పి, ఎముకల నొప్పులు, ఒళ్ళుమంట, కీళ్ళ తిమ్మిరితో మంచం పట్టారు. అవే చేపలు తిన్న పంది ఒకటి, కుక్క ఒకటి చనిపోయాయి. తప్పు చేపదేనని కుక్ బృందం నిర్ధారించుకుంది.

ఈ వ్యాధికి పేరు మాత్రం క్యూబా నుంచి వచ్చింది. అక్కడ 'సిగ్వా' అనే సముద్రపు నత్తను తిన్నవారికి కలిగే అస్వస్థతను 'సిగ్వాతెరా' అనేవారు. 1787లో ఆంటోనియో పర్రా ఈ వ్యాధిని గ్రంథస్థం చేశాడు. నత్త పేరిట పుట్టిన మాట క్రమంగా చేపల విషానికి స్థిరపడింది.

విషం చేపలో పుట్టదని, పగడపు దిబ్బలపై పెరిగే సూక్ష్మజీవి నుంచి చిన్న చేపలకు, వాటిని తినే పెద్ద చేపలకు చేరుతుందని 1958లో జాన్ రాండల్ ప్రతిపాదించాడు. 1977లో యసుమోటో బృందం ఫ్రెంచ్ పాలినీషియాలోని గాంబియర్ దీవులలో ఆ జీవిని గుర్తించింది. 'గాంబియర్‌డిస్కస్' అన్న పేరు ఆ దీవులదే.

ఈ విషానికి రుచి లేదు, వాసన లేదు, వండినా పోదు. ఒక దిబ్బ వద్ద నిరపాయమైన చేప మరో దిబ్బ వద్ద విషపూరితం కావచ్చు. పసిఫిక్ దీవుల జాలరులు ఫలానా దిబ్బ చేప తినరాదని పాటించే నియమానికి ఆధారం ఇదే. చేప జాతితోపాటు అది పెరిగిన చోటును కూడా చూసిన వారి అనుభవజ్ఞానాన్ని ఈ వ్యాధి చరిత్రలో భాగంగానే పరిగణించాలి.