మన పొలం కింద ఉన్న రాయి ఎవరిది?



"పైన మట్టి రైతుది, కిందున్నదంతా సర్కారుది" అని మన ఊళ్లల్లో అంటుంటారు. ఆ మాట మీద కేరళలో పెద్ద కేసే నడిచింది.

అక్కడ మలబారులో జన్మం భూములని ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో మలబారు కూడా మన కోస్తా, సీమల్లాగే మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ భూముల్లో క్వారీ చేసుకుంటున్న యజమానులను ప్రభుత్వం రాయల్టీ కట్టమంది. మా భూమిలో రాయికి మీకెందుకు కట్టాలని వాళ్లు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లారు.

2013 జులై 8న తీర్పు వచ్చింది. రాసింది మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ గారు. చట్టప్రకారం ఆ హక్కు తీసేస్తే తప్ప, భూమి ఎవరిదో కింద ఖనిజం కూడా వాళ్లదే అన్నారు.

రాయల్టీ సంగతి మాత్రం తేల్చలేదు. అది పన్నా కాదా అన్న తగువు అప్పటికే తొమ్మిది మంది జడ్జీల ముందుంది. 1989లో ఏడుగురు జడ్జీల బెంచి పన్నే అంది. 2004లో ఐదుగురి బెంచి, ఆ తీర్పులో మాట పొరపాటున పడిందంది. చివరికి 2024 జులై 25న ఎనిమిది మంది పన్ను కాదన్నారు. ఖనిజం తీసుకునే హక్కు కోసం లీజు తీసుకున్నవాళ్లు ఇచ్చినవాళ్లకు కట్టే సొమ్ము అది అన్నారు. జస్టిస్ నాగరత్న గారొక్కరే ఒప్పుకోలేదు.

హక్కు మనదైనా అనుమతి లేకుండా తవ్వకూడదు, అది వేరే సంగతి. కానీ క్వారీ వాళ్లెవరైనా కాగితం మీద సంతకం పెట్టమంటే తొందరపడకండి. మీ పట్టాలో ఖనిజం గురించి ఏం రాసుందో ముందు చదివించుకోండి.