గణకయంత్ర చిత్రములు: సంగీత సాహచర్యము

కంప్యూటరు గణించి గీసిన చలనచిత్రములకు, వాని కొఱకే కూర్చిన సంగీతము తోడగుట 1960 దశాబ్దమున అమెరికాలో ఆరంభమై, తరువాతి దశాబ్దమున ఒక ప్రత్యేక కళారూపముగ నిలద్రొక్కుకొన్నది. సామాన్యముగ సినిమాలో బొమ్మ కథ చెప్పును, సంగీతము దానిని వెన్నంటి నడచును. ఈ చిత్రములలో పెక్కింటికి కథ లేదు, పాత్రలు లేవు, మాట లేదు. చుక్కయు, గీతయు, వర్ణమును కాలమునందు కదలుటయే వాని సర్వస్వము. కావున చూచువానికి ఊతగ నిలుచునది సంగీత మొక్కటే. బొమ్మ ముందా, నాదము ముందా యను ప్రశ్న ఈ చరిత్ర పొడవునను మరల మరల తలయెత్తుటకు ఇదియే కారణము.

ఈ కళకు ఆద్యుడుగ జాన్ విట్నీని (1917–1995) చెప్పుట న్యాయము. కాలిఫోర్నియాలోని పాసడీనాలో జన్మించి, పారిస్ నగరమున రెనే లీబోవిట్జ్ వద్ద పండ్రెండు స్వరముల రచనాపద్ధతి నభ్యసించి వచ్చిన ఈతడు, తమ్ముడు జేమ్స్‌తో కలసి 1940 దశాబ్దపు తొలినాళ్లలో ‘ఫైవ్ ఫిల్మ్ ఎక్సర్‌సైజెస్’ అను చిత్రములను నిర్మించెను. అప్పటికి వారి చేత కంప్యూటరు లేదు. అయినను ఆ ప్రయత్నము నిచట చెప్పక తీరదు. ఏలయన వానిలోని నాదమును ఏ వాద్యకారుడును వాయింపలేదు. సోదరులిరువురును పండ్రెండు లోలకముల నమర్చి, వాని ఊపునకు అనుగుణముగ వెలుతురును హెచ్చించుచు తగ్గించుచు, ఫిల్ము అంచుననుండు ధ్వనిపథముపై ఆ కాంతినే ముద్రించిరి. ఆ పరికరమునుండి చప్పు డించుకయు వెలువడదు; ఫిల్మును కడిగి ప్రొజెక్టరుపై నడపినపుడే అది తొలిసారిగ చెవికి వినబడును. కంటి కందు రూపమును, చెవి కందు నాదమును ఒకే కాంతినుండి పుట్టించిన ఈ పనిలోనే విట్నీ తరువాతి జీవితమంతయు బీజరూపమున నున్నదని నా తలంపు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, శత్రువిమానములపై ఫిరంగి గురిని లెక్కగట్టిన ఎమ్-5 అను గణకయంత్రములు సైన్యమునకు అక్కఱ తీరి పాతసామానుగ మిగిలినవి. విట్నీ అట్టి యంత్రమును సంపాదించి తన పనికి తగినట్లు మలచుకొనెను. ఆకాశమున పోవు విమానము మరుక్షణమున ఎచట నుండునో తేల్చుటకై పుట్టిన పండ్లచక్రములు, బొమ్మ నెంత త్రిప్పవలెనో, కెమేరా నెంత జరుపవలెనో తేల్చుటకు వినియోగపడినవి. సంహారమునకై పుట్టిన గణితము సౌందర్యమునకు వశమైన ఈ ఘట్టమును తలచినపు డెల్ల మనస్సు కదలును. ఆ యంత్రముపై తాను సాధించిన చిత్రఖండములను గుదిగ్రుచ్చి 1961 లో ‘కేటలాగ్’ అను పేర వెలువరించెను. జేమ్స్ 1966 లో పూర్తిచేసిన ‘లాపిస్’, చేత చుక్కలు పొడిచిన అట్టలను అట్టి యంత్రముపై త్రిప్పి తీసినది. దాని మండలాకృతులకు పండిత రవిశంకర్ సితారు వాదనమును జతపరచిరి. అది ఆ చిత్రము కొఱకు కూర్చిన సంగీతము కాదు. అయినను ఆ పొందికను చూచినపుడు చిత్రము రాగమునుండియే పుట్టెనేమో యను భ్రాంతి కలుగును.

1966 లో ఐ.బి.ఎమ్. సంస్థ విట్నీకి ఆర్థికసాహాయ్య మొసంగి, తన సంఖ్యాగణకములను వాడుకొను సౌకర్యమును కల్పించెను. జాక్ సిట్రన్ అను ఆ సంస్థ ఉద్యోగి ప్రోగ్రామును వ్రాసి యిచ్చెను. 1968 నాటి ‘పర్మ్యుటేషన్స్’ ఆ కృషి ఫలము. విట్నీ సిద్ధాంతము రూపుకట్టినది ఇచటనే. సరళీస్వరములు నేర్చు బాలురు మువ్వురు ఒకే తాళమునకు ఒకడు మొదటి కాలమునను, ఒకడు రెండవ కాలమునను, ఒకడు మూడవ కాలమునను పాడిరనుకొందము. వేగములు వేఱైనను ఆవర్తాంతమున అందఱును ఒక్కచోట వచ్చి కలిసికొందురు గదా! విట్నీ చుక్కల నిట్లే నడపెను: మొదటి చుక్క ఒక చుట్టు తిరుగు నంతలో రెండవది రెండు చుట్లు, మూడవది మూడు చుట్లు, నూఱవది నూఱు చుట్లు తిరుగవలెను. ఒక్క వరుసగ బయలుదేరిన చుక్కలు చెదరి కల్లోలమై, మొదటి చుక్క సగము చుట్టు చేరునప్పటికి రెండు రేకులుగను, మూడవవంతు చేరునప్పటికి మూడు రేకులుగను కూడుకొని, మరల చెదరి, తుదకు తొలి వరుసకే వచ్చి నిలుచును. తంత్రిని సగము చేసి పైస్థాయి షడ్జమును, మూడింట రెండు వంతులు చేసి పంచమమును పలికించు నిష్పత్తులే కంటికిని సంవాదమును కలిగించునని ఆయన విశ్వాసము; 1980 లో ప్రకటించిన ‘డిజిటల్ హార్మనీ’ అను గ్రంథమునకు ఇదియే ప్రాణము. 1975 నాటి ‘అరబెస్క్’ ఈ మార్గమున పరిపక్వమైన కృతి. దానికి ప్రోగ్రామును వ్రాసినవాడు లారీ క్యూబా, నాదమును కూర్చినది ఇరాను దేశపు విద్వాంసుడు మనూచెహ్ర్ సాదెఘీ సంతూరు.

అమెరికా తూర్పుతీరమున, న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలలో, సంగీతమును చిత్రమును వేర్వేఱుగ పుట్టి పిదప కలిసికొన్నవి. 1957 లో మాక్స్ మాథ్యూస్ వ్రాసిన ప్రోగ్రాముతో ఐ.బి.ఎమ్. 704 యంత్రము 17 సెకండ్ల సంగీతరచనను వినిపించెను. 1963 లో కెన్ నోల్టన్ ‘బెఫ్లిక్స్’ అను చిత్రభాషను సిద్ధపరచెను. వాకిట చుక్కలు పెట్టి ముగ్గువేయువారికి దాని పద్ధతి సులభముగ బోధపడును: అడ్డముగ 252, నిలువుగ 184 గడులు, ఒక్కొక్క గడికి తెలుపునుండి నలుపు వఱకు 8 ఛాయలలో నొకటి. స్టాన్ వాండర్‌బీక్ ‘పోయమ్‌ఫీల్డ్’ చిత్రమాలయు, లిలియన్ ష్వార్ట్జ్ చిత్రములును నోల్టన్ తోడ్పాటుతోనే వెలువడినవి. ష్వార్ట్జ్ ‘పిక్సిలేషన్’ (1970) చేత పూసిన రంగులను, యంత్రము వేసిన గడులను ఒకదానిలో నొకటి కరగించి చూపినది. దానికి గెర్షన్ కింగ్‌స్లీ మూగ్ సింథసైజరుపై సంగీతమును కూర్చెను. మరుసటి సంవత్సరపు ‘యూఫోస్’కు సంగీతము ఇమ్మాన్యుయెల్ ఘెంట్‌ది. చిత్రమునకు వలెనే నాదమునకును యంత్రము మూలమగుటచే, చూపునకును వినికికిని నడుమ ఒక నూతనమైన ఏకత్వము సిద్ధించినది.

కథాచిత్రమునందు ఈ యంత్రవిద్య తన సత్తువను చూపినది కెనడాలో. అచటి జాతీయ పరిశోధన మండలికి చెందిన నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలి వైన్ కనుగొన్న పద్ధతిలో చిత్రకారుడు ముఖ్యభంగిమలను మాత్రము గీసిన చాలును, నడిమి రూపములను యంత్రము పూరించును. ఈ పద్ధతిలో పీటర్ ఫోల్డెస్ 1974 లో ‘లా ఫేమ్’ను నిర్మించెను. తిని తిని ఉబ్బిపోయిన ఒక మనుజుని తుదకు క్షుధార్తులు దిగమ్రింగుట అందలి కథ. పియెర్ బ్రో సంగీత మందు వినబడును. కాన్ చిత్రోత్సవమున దానికి జ్యూరీ బహుమతి లభించినది.

లారీ క్యూబా స్వతంత్రముగ 1978 లో పూర్తిచేసిన ‘3/78’ యందు నూఱేసి కాంతిబిందువులు గల 16 ఆకృతులు కజు మత్సుయి షాకుహాచి వేణువుతో కూడి నర్తించును. 1990 నాటి ‘ది మైండ్స్ ఐ’ వీడియోలో బొమ్మకును నాదమునకును గల సంబంధము తలక్రిందులైనది. అందు వేర్వేఱు చోట్ల వేర్వేఱు ప్రయోజనములకై తయారైన చిత్రఖండములను ప్రోగుచేసిరి. జేమ్స్ రేనాల్డ్స్ సంగీతమే వానికి దారమైనది.

విట్నీ మాత్రము అన్యుల సంగీతమును జతపరచుకొనుటతో తృప్తి చెందలేదు. వృద్ధాప్యమున జెర్రీ రీడ్ సాయమున, తెరపై బిందువును కదలించిన గణితమే స్వరమునుగూడ పలికించునట్టి ప్రోగ్రామును చేయించుకొని, ‘మూన్‌డ్రమ్’ అను కృతులమాలను తానే చిత్రకారుడును తానే వాగ్గేయకారుడునై కూర్చెను. 1995 లో కన్నుమూయు నాటికి ఆయన చేపట్టి యున్న పని అదియే.