పొరపాటా, బుద్ధిపూర్వకమా?

నిర్దోషి యొకడు చెరసాల పాలైనపుడు మన మొదటి ప్రశ్న ఇది: పోలీసులు తెలియక చేసిరా, తెలిసియే చేసిరా? ఈ ప్రశ్న యెంత చిక్కైనదో లండనులోని అడాల్ఫ్ బెక్ వ్యవహారము చూపును.

1877లో జాన్ స్మిత్ అనువాడు తాను ప్రభువంశీయుడనని స్త్రీలను నమ్మించి, చెల్లని చెక్కులిచ్చి, వారి నగలపహరించి శిక్ష పొందెను. 1895లో అవే మోసములు మరల బయలుదేరినవి. మోసపోయిన స్త్రీ యొకతె వీధిలో బెక్ అను నార్వే దేశీయుని చూచి వీడే యనెను. పోలీసులు దారిన పోవువారిని పిలిచి అతని ప్రక్కన నిలిపిరి. నెరసిన జుట్టు, మీసము గలవాడు ఆ వరుసలో అతడొక్కడే! తక్కిన స్త్రీలును అతనినే చూపుటలో వింత యేమున్నది? స్మిత్తును నాడు పట్టిన కానిస్టేబులు, పదునెనిమిదేండ్ల తరువాత, ఇతడే స్మిత్తని ప్రమాణము చేసెను. ఇంతవరకు అసమర్థతయే యనుకొందము.

1877లో బెక్ పెరూ దేశమున నుండెను. 1896 విచారణలో ప్రభుత్వ న్యాయవాది పాత శిక్షకు సంబంధించిన అభియోగములను ప్రక్కకు పెట్టెను. కనుక పెరూ మాట అప్రస్తుతమని జడ్జి త్రోసివేసెను. స్మిత్తుపై నాడు ప్రాసిక్యూషను నడపినది ఈ జడ్జియే! బెక్కునకు ఏడేండ్ల శిక్ష పడెను. జైలులో స్మిత్తు సంఖ్యనే యిచ్చిరి.

1898లో పాత జైలు రికార్డు బయటపడెను. స్మిత్తు యూదుడు, సున్తీ జరిగినవాడు, బెక్కునకు జరుగలేదు. ఇద్దరొకరు కారని తేలినది గదా! హోం ఆఫీసువారు జడ్జి నడిగిరి. స్మిత్తు కాకపోయినను 1895 నాటి దోషి ఇతడే యని ఆయన అభిప్రాయము. జైలు సంఖ్య మారినది, మనిషి మాత్రము లోపలనే యుండెను. ఇచ్చట ‘తెలియక’ అను మాట మాకు నోట రాదు.

1901లో విడుదలయ్యెను. 1904లో మరల అట్టి ఫిర్యాదు వచ్చెను. బెక్కును ఎరిగిన ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు చేసిన స్త్రీని అతడు భోజనము చేయు హోటలుకు పంపెను. ఆమె గుర్తింపలేదు. అంతటితో విడువక, మరియొకనాడు అతని యింటి చెంతనే ఆమెకు చూపించిరి, ఈసారి గుర్తించెను. ఎవరిని గుర్తింపవలెనో ఆమెకు తెలియకుండునా? జూరీ మరల దోషి యనెను. శిక్ష వాయిదాలో నుండగా, బెక్ నిర్బంధములో నున్న రోజులలోనే మోసము మరల జరిగెను; ఉంగరములు కుదువపెట్టుచు అసలు స్మిత్ చిక్కెను.

బెక్కునకు క్షమాపణయు, తుదకు 5,000 పౌండ్ల పరిహారమును దక్కినవి. విచారణ సంఘము పోలీసులకు దురుద్దేశము అంటగట్టలేదు. 1907లో ఇంగ్లండులో క్రిమినలు అప్పీలు కోర్టు ఏర్పడెను. బెక్ 1909లో మరణించెను.