బ్యాటరీ చెప్పిన అంకె, గీత చెప్పిన నిజం

నా పాత ల్యాప్‌టాప్ ఒక సాయంత్రం, ఇంకా 41 శాతం ఛార్జి మిగిలి ఉన్నదని చూపిస్తూనే ఆగిపోయింది. కరెంటు పోయి అప్పటికి గంటా పది నిమిషాలు. వారం రోజులుగా కూర్చుకుంటున్న వ్యాసంలో ఆనాడు రాసిన రెండు పుటలూ దానితో పాటే పోయాయి. మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే అక్కడి కుర్రవాడు ప్లగ్గు పెట్టి చూసి, "బ్యాటరీ బాగానే ఉందండీ, నూరు చూపిస్తోంది కదా!" అని తిరిగి చేతిలో పెట్టాడు. అతని తప్పేమీ లేదు. అంకెను అడిగాడు, అంకె జవాబిచ్చింది. ఒక్క క్షణపు అంకెకు గతం తెలియదు. గతం కావాలంటే గీత గీయాలి.

గీయడం కష్టం కాదు. నిమిషానికొకసారి వేళనూ ఛార్జినీ ఒక ఫైలు చివర చేర్చమని లినక్సుకు ఒక ఆదేశం, ఆ ఫైలును బొమ్మగా మార్చమని మరొక ఆదేశం. మౌసు ముట్టనక్కరలేదు. అయితే ఆ రెండు పంక్తులూ టైపు చేసి కూర్చున్నాక, వాటి వెనుక ఎన్ని తరాల చేతులున్నాయో వెతకబుద్ధి పుట్టింది. ఈ టపా ఆ వెతుకులాట ఫలితమే.

కాలాన్ని అడ్డంగానూ, పరిమాణాన్ని నిలువుగానూ వేసి గీత లాగడం మనకు ఇప్పుడు బడిపిల్లల విద్య. దానిని దేశాల ఎగుమతి దిగుమతులకు అన్వయించి పుస్తకంగా వేసినవాడు స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫేర్ (1759–1823). 1786లో లండనులో వెలువడిన ఆయన వాణిజ్య, రాజకీయ అట్లాసులో 44 పటాలున్నాయి. ఒక్కటి తప్ప అన్నీ కాలంతో పాటు సాగే గీతలే. ఆ ఒక్కటీ స్కాట్లండు వ్యాపారానిది. దానికి ఒకే ఏడాది లెక్కలు దొరకడం వల్ల గీతకు బదులు కడ్డీలు వేశాడు. లోటును కప్పిపుచ్చుకోవడానికి వేసిన ఆ కడ్డీలే తరువాత లోకమంతా వాడే పటమయ్యాయి!

చిన్నతనంలో తండ్రి పోగా, విలియంకు చదువు చెప్పినవాడు అన్న జాన్ ప్లేఫేర్, తరువాతి కాలపు ప్రసిద్ధ గణితజ్ఞుడు. రోజువారీ ఉష్ణోగ్రతలను అంకెలుగా కాక గీతగా గుర్తించడం అన్నే నేర్పాడంటారు. ఇక 1777లో విలియం చేరిన కొలువు ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ దగ్గర, నమూనాలు గీసే పని. ఇక్కడే నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఒకటున్నది. అట్లాసు చిత్తుప్రతి చూసిన వాట్, పటాల పక్కనే అవి ఏ పట్టికల నుండి వచ్చాయో ఆ పట్టికలనూ అచ్చు వేయమని సలహా ఇచ్చాడు. లేకుంటే గీతలకు ప్లేఫేర్ మాట తప్ప వేరే ఆధారం ఉండదని ఆయన భయం. ప్లేఫేర్ తరువాతి జీవితం చూస్తే, అప్పులు, కూలిన వ్యాపారాలు, చెరసాల, ఆ భయం అసందర్భం కాదనిపిస్తుంది. బొమ్మ వచ్చిన తరువాత కూడా ముడి అంకెల ఫైలును నేను చెరిపివేయకపోవడానికి వాట్ మాటే కారణం.

వాట్ దగ్గరే పనిచేసిన జాన్ సదరన్ 1796లో మరో అడుగు వేశాడు. సిలిండరులోని ఒత్తిడిని కొలిచే సాధనానికి పెన్సిలునూ, కదిలే పలకనూ జోడించాడు. అది కాలపు గీత కాదు, ఒత్తిడికీ పిస్టను స్థానానికీ మధ్య గీత. అయినా యంత్రం తన సంగతి తానే రాసుకోవడం అక్కడ కనబడుతుంది. ఆ ఉపాయాన్ని చాలా ఏళ్ళు వ్యాపార రహస్యంగా దాచారు.

వోల్టా 1800లో ప్రకటించిన విద్యుద్ఘటానికి మాత్రం అటువంటి పెన్సిలు లేదు. సోనీ 1991లో అంగడికి తెచ్చిన లిథియం అయాన్ ఘటంతో చిక్కు మరింత పెరిగింది. దాని వోల్టేజి చాలాసేపు ఇంచుమించు సమంగా ఉండి, చివరన ఒక్కసారిగా పడిపోతుంది. కుండ పైనుండి చూస్తే నీటిమట్టం తెలియదన్నమాట. అందుచేత లోపలికీ బయటికీ పోయే విద్యుత్తును నిరంతరం కూడుతూ తీసివేస్తూ ఉండే చిన్న చిప్పును బ్యాటరీలోనే అమర్చారు. మంచి గుమాస్తాయే. కాని చిల్లర తప్పులు పోగుపడతాయి. నిండుగా నింపి, పూర్తిగా ఖాళీ చేసినప్పుడే తన చిట్టాను సరిచూసుకోగలదు.

ఆ చిట్టాను కంప్యూటరుకు వినిపించే పద్ధతి కూడా మెల్లగానే కుదిరింది. ఇంటెల్, మైక్రోసాఫ్టులు 1992లో తెచ్చిన ఏపీఎం ప్రధానంగా శాతమూ, మిగిలిన సమయమూ చెప్పి ఊరుకునేది. 1996లో తోషిబాతో కలిసి ప్రకటించిన ఏసీపీఐ మరికొంత విప్పి చెప్పింది: తయారీనాటి సామర్థ్యమెంత, ఇప్పటి నిండుతనమెంత, ఈ క్షణాన మిగిలినదెంత. లినక్సులో ఇవి మొదట ప్రాక్ డైరెక్టరీ కింద ఉండేవి. 2007–08 ప్రాంతంలో సిస్ డైరెక్టరీ కిందకు, అంశానికొక ఫైలుగా మారాయి. పాత స్క్రిప్టులు రాసుకున్నవారు విసుక్కున్న మాట నిజమే. ఒక్క ఫైలు తెరిస్తే ఒక్క అంకె దొరకడం మాత్రం నాబోటి వాడికి వరం.

నిమిషనిమిషానికీ నిద్రలేచి ఆ అంకెను రాసిపెట్టే క్రాన్, యూనిక్సు ఏడవ కూర్పు (1979) నాటిది. బొమ్మ గీసే న్యూప్లాట్‌ను థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ 1986లో రాశారు. పేరు చూసి గ్నూ సంస్థదనుకునేవారు ఎక్కువ, కాదు. ప్లేఫేర్ అట్లాసుకు సరిగ్గా రెండు వందల ఏళ్ళు నిండిన సంవత్సరమది, కాకతాళీయమే. బొమ్మల తెర లేనిచోట ఉత్త అక్షరాలతోనే గీత వేసే ఏర్పాటు దానిలో ఉన్నది. నేను వాడినది అదే. నల్లని తెర మీద చుక్కలు చుక్కలుగా, ముగ్గు పెట్టినట్టు.

మూడు మార్లు ఛార్జి దించి చూశాను. మూడుసార్లూ గీత నూరు నుండి నిదానంగా దిగి, నలభై చేరువకు రాగానే తెగిపోయింది. ఫైళ్ళు విప్పితే తయారీనాటి సామర్థ్యం 47.52 వాట్ అవర్లు, నిండుగా ఉన్నదని చిప్పు నమ్ముతున్నది 41. నిజంగా వాడకానికి వచ్చినది 24 పైచిలుకు మాత్రమే. తప్పు నాదే. నెలల తరబడి ప్లగ్గులోనే పెట్టి వాడాను, పాపం ఆ గుమాస్తాకు చిట్టా సరిచూసుకునే వీలే ఇవ్వలేదు. ఘటాలు లోపల ముసలివైపోతుంటే, అది పాత లెక్కే వల్లిస్తూ కూర్చున్నది.

నాలుగవ మారు నింపినప్పుడు చిప్పు తనంతట తానే నిండుదనపు అంకెను 24.31కి దించుకున్నది. ఆ రాత్రి మళ్ళీ గీశాను. నూరు నుండి నాలుగు దాకా ఒకే వాలు, ఎక్కడా తెగలేదు. ఆయుష్షు మాత్రం అదే గంటా పది నిమిషాలు.