చీలితే బద్ద, కడితే తడిక

కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే మాగాణి చేలో మినుములు చల్లుతారు. నేలలో మిగిలిన తేమతో, రాత్రిపూట కురిసే మంచుతో ఆ పైరు పండుతుంది. పామర్రు, గుడివాడ చుట్టుపక్కల రెండో పంట అంటే చాలాకాలం ఇదే. ఆ మినుము తిరగలిలో పడితే గింజ రెండుగా విడిపోతుంది. విడిపోయిన సగం పేరు బద్ద. పొట్టు పోయినా విడిపోకుండా నిలిచినది గుండు. కిరాణా కొట్లో ఈనాటికీ మినపగుళ్లు వేరు, మినపబద్దలు వేరు.

ఈ చిన్న మాట వంటింట్లోనే ఆగిపోలేదు. వెదురు బొంగును నిలువునా చీలిస్తే వెదురు బద్ద. పొడవు కొలిచేది కొలబద్ద. అల్లెతాడు బిగించేది వింటిబద్ద. పొద్దున్నే నాలుక గీసుకునేది నాలుకబద్ద. పందుంపుల్లను నమిలి, పళ్లు తోముకుని, ఆ పుల్లనే నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. రాగివీ స్టీలువీ వచ్చినా పేరు మారలేదు. చెయ్యి విరిగితే ఎముక కదలకుండా అటూ ఇటూ పెట్టి కట్టేవీ బద్దలే.

తెలుగులో ఖండానికి పేర్లు చాలా ఉన్నాయి: ముక్క, తునక, చెక్క, పేడు, చీలిక. వీటి మధ్య బద్దకు తనదైన స్థానం ఉంది. కత్తి తనకు తోచినచోట తెగ్గొడితే వచ్చేది ముక్క. వస్తువు తనలోనే ఉన్న గీత వెంట విడిపోతే వచ్చేది బద్ద. మినపగింజకు ఆ గీత పుట్టుకతోనే ఉంటుంది. వెదురులో అది నారల వరస. మేదరి కత్తిని బొంగు చివర దించి ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ తరవాత నరకడు, కత్తిని తోసుకుంటూ పోతాడు. కణుపు దగ్గర బలం కావాలి కానీ, మిగతా పొడవునా నారే దారి ఇస్తుంది. ఇలా తీసిన బద్దలో నారలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంటాయి. అందుకే అది విరగకుండా వంగుతుంది, వంగి మళ్లీ నిటారవుతుంది. వింటికీ ఎముకకీ ముక్క కాకుండా బద్ద కావలసి రావడానికి కారణం ఇదే.

ఏకవచనంలో ఇంతగా పనికొచ్చే మాట, బహువచనమై 'కొట్టు', 'అవు' అనే క్రియల పక్కన చేరగానే విధ్వంసమవుతుంది. తాళం బద్దలు కొట్టారు, అగ్నిపర్వతం బద్దలైంది అంటాం. ఉన్నమాట నిర్మొహమాటంగా చెబితే కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడంటాం. నిజానికి కుండకు నార లేదు, లోపల గీత లేదు. అది ఎటు పడితే అటు పగులుతుంది. అయినా చీలడానికి పుట్టిన మాట పగలడానికీ సరిపోయింది. 'కొట్టు' అన్నచోట 'కట్టు' అంటే మాత్రం అర్థం పూర్తిగా తిరిగిపోతుంది. బద్దలు కొడితే వస్తువు పోతుంది, బద్దలు కడితే వస్తువు పుడుతుంది.

ఈ కట్టడం దగ్గరే ఇంకో మాట ఎదురొస్తుంది. సంస్కృతంలో కట్టబడినది 'బద్ధ'. నిబద్ధత, బద్ధవైరం, ప్రతిజ్ఞాబద్ధుడు అన్నీ ఆ ఇంటివే. మన బద్దకూ ఆ బద్ధకూ చుట్టరికం లేదు. ఒకటి దేశ్యం, రెండోది 'బంధ్' ధాతువు నుంచి వచ్చిన తత్సమం. రాతలో వాటి మధ్య తేడా ఒత్తు మాత్రమే. మామూలు మాటలో అదీ చాలాసార్లు వినిపించదు. అర్థాలు మాత్రం ఒకటి విడదీసేది, ఒకటి కలిపేది. ఒక పనిముట్టులో ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. బద్దలు బద్ధమైతే తడిక.

తడికను కొన్నిచోట్ల తడక అంటారు. వెదురు బద్దలతో అల్లినా, తాటాకుతో కట్టినా, కొల్లేటి కిక్కిసతో కట్టినా పేరు అదే. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1961లో తొలిసారి అచ్చయినది, దీన్ని తమిళ కన్నడాల 'తట్టి'తో, కన్నడ 'తడికె'తో, మన 'దడి'తో ఒకే కుదురులో చూపిస్తుంది. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లుతాం కనక తడిపేది తడిక అయిందని తోచడం సహజం. అది నిలవదు. తాటాకు తడికను ఎవరూ తడపరు, పొలం దడిని ఎవరూ తడపరు, అయినా కుటుంబమంతా ఆ పేరే మోస్తోంది. ఈ దేశంలో కాపురమున్న ఇంగ్లీషువారు హిందీ 'టట్టీ' నుంచి 'ట్యాటీ' అనే మాట చేసుకున్నారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో దానికి చోటు దొరికింది.

వస్తువు కనుమరుగవుతున్నా మాట ఒక జాతీయంలో దాక్కుంది. తప్పులతడక. ఏ తడికనూ చూడని పిల్లవాడు కూడా తన జవాబుపత్రం గురించి ఈ మాట విని ఉంటాడు. తప్పులు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయాయని, ఒకటి లాగితే ఇంకోటి కదులుతుందని దాని భావం. అంటే ఆ జాతీయం గుర్తుపెట్టుకున్నది తడిక అల్లికను. తడికలోని సందులను అది లెక్కచేయలేదు. ఆ సందులు తప్పులు కావు, తడిక చేసే పనిలో సగం వాటిదే. ఎండను బద్ద ఆపుతుంది, గాలిని సందు పంపుతుంది.

ఇదే పనిని అడ్డబద్దలతో, తాళ్లతో చేసే కిటికీ తెరను ప్రపంచం రకరకాల పేర్లతో పిలుచుకుంది. ఇంగ్లీషువారు వెనిస్ పేరు పెట్టి వెనీషియన్ బ్లైండ్ అన్నారు. లండన్‌లో ఎడ్వర్డ్ బెవాన్ దానికి 1769లో పేటెంటు తీసుకున్నాడు. దానికి దగ్గరి చుట్టమైన వాలు బద్దల కిటికీ తలుపును ఇటలీవారు పర్షియాకు అంటగట్టి 'పెర్సియానా' అన్నారు. ఫ్రెంచివారికి 'పెర్సియెన్' ఉంది, 'జలూజీ' కూడా ఉంది. జలూజీ అంటే అసూయ. లోపలివారు చూడాలి, బయటివారికి కనపడకూడదు అనే మనసుకు పెట్టిన పేరు అది. హిందీలో 'ఝిల్మిల్', అంటే మినుకుమినుకుమనే వెలుగు. సంస్కృతం కిటికీని ఎద్దుకన్నుగా చూసి గవాక్షం అంది, గాలి దారిగా చూసి వాతాయనం అంది. ఊరి పేరు, మనసు, వెలుగు, కన్ను, గాలి, అన్నిటికీ చోటు దొరికింది. ఆ తెరను ఎలా చేశారో ఈ పేర్లలో ఒక్కటీ చెప్పదు.

చేసే తీరు చెప్పుకోదగ్గది. పైన ఒక పెట్టె ఉంటుంది. దాని నుంచి నిచ్చెనలా అల్లిన సన్నని తాళ్లు దిగుతాయి. ఒక్కో మెట్టు మీద ఒక్కో బద్ద పడుకుంటుంది. బద్దలకు తొలిచిన కంతల్లోంచి ఇంకో తాడు కింది పట్టీ దాకా పోతుంది. దాన్ని లాగితే బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని పైకి లేస్తాయి. పెట్టెలోని కడ్డీని తిప్పితే నిచ్చెనకు ఒకవైపు తాడు పైకి, రెండోవైపు తాడు కిందికి జరుగుతుంది. అప్పుడు బద్దలన్నీ ఒకేసారి, ఒకే కోణంలో వాలుతాయి. బద్ద వెడల్పు మామూలుగా 25 లేదా 50 మిల్లీమీటర్లు. రెండు బద్దల మధ్య ఎడం బద్ద వెడల్పు కంటే కాస్త తక్కువ ఉండాలి. అలా ఉంటేనే మూసినప్పుడు ఒకదాని అంచు మరోదాని మీదికి వస్తుంది.

పామర్రు సుమారు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ నడినెత్తిన నిలుస్తాడు. ఆ ఎండకు పైకప్పు కావాలి, కిటికీతో పేచీ లేదు. పేచీ పడమటి కిటికీతో, సాయంత్రం నాలుగింటితో. అప్పటికి సూర్యుడు దిగంతానికి సుమారు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. బద్ద వెడల్పూ ఎడమూ సమానం అనుకుంటే, బల్లపరుపుగా ఉన్న బద్దలు 45 డిగ్రీలకు పైనున్న ఎండనే ఆపుతాయి. నాలుగింటి ఎండ లోపలికి దూరుతుంది. బయటి అంచు కిందికి వచ్చేలా 25 డిగ్రీలు వాలిస్తే చాలు, ఒక్క కిరణమూ నేరుగా రాదు, సందులు మాత్రం తెరిచే ఉంటాయి. ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరంలోని బందరు సముద్రం మీదనుంచి మధ్యాహ్నం తరవాత వచ్చే చల్లగాలికి ఆ దారి అవసరం. పడమటి వడగాడ్పు వీచే రోజుల కథ వేరు. ఆ పొడిగాలికే వట్టివేళ్ల తడిక మీది నీరు ఆవిరై గది చల్లబడుతుంది. సముద్రపు తేమగాలికి ఆ ఉపాయం అంతగా పారదు. రెండు గాలుల మధ్య బతికే ఈ ప్రాంతానికి రెండు రకాల తెరలూ కావలసి వచ్చాయి.

బెజవాడ–బందరు ప్యాసింజరు ఎక్కినవారికి వాలు బద్దలు కొత్త కాదు. పాత పెట్టెల కిటికీలకు ఉండే షట్టర్లలో ఏటవాలు రేకులు వరసగా బిగించి ఉండేవి. వాన లోపలికి కొట్టదు, గాలి ఆగదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి, తాటాకు ఇళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. ఆ తరవాతి దశాబ్దాల్లో డెల్టా అంతటా స్లాబు ఇళ్లు పెరిగాయి. అది జరగవలసిన మార్పు. గట్టి గోడ ప్రాణం కాపాడుతుంది. గోడతో పాటు అద్దాల కిటికీ వచ్చింది, అద్దం వేడిని లోపల బంధించింది, దానికి విరుగుడుగా బ్లైండ్స్ వచ్చాయి. బద్దలూ కట్టూ మళ్లీ ఇంటికి చేరాయి కానీ, ఈసారి పేరు వేరు. ఇంగ్లీషులో బ్లైండ్ అంటే గుడ్డి. సందుసందునా చూపున్న వస్తువుకు ఆ పేరు నప్పదు.

తెలుగు వృత్తులవారి మాటలను మర్యాదగా ఏరిపెట్టిన పని మనకు ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాలు ఆ తరవాత చేనేత, గృహనిర్మాణం దాకా సాగాయి. చేతులతో పనిచేసేవారి మాటలకు శాస్త్రగౌరవం ఉందని అవి నిరూపించాయి. ఆ దారిలోనే నడిస్తే, కిటికీకి వేలాడే ఈ వస్తువుకు పేరు కోసం వెనిస్ దాకా పోనక్కరలేదు. దాన్ని బద్దల తెర అందాం. ఒక్కో పలకను బద్ద అందాం, అల్యూమినియందైనా సరే. నాలుకబద్ద రాగికి మారినప్పుడు మాట అడ్డుచెప్పలేదు. కదలకుండా బిగించినదాన్ని బద్దల తడిక అందాం.

గుడ్లవల్లేరు పాలిటెక్నిక్‌లో చదివే పిల్లకు వెనీషియన్ అంటే బట్టీ పట్టవలసిన పేరు. బద్దల తెర అంటే ఆమె దాన్ని చూడకుండానే బొమ్మ గీయగలదు: ముందు నార వెంట చీల్చాలి, తరవాత ఎడం పాటించి కట్టాలి, చివరికి అది తెరలా లేచి దిగాలి. మన ఇళ్లలో మినుము, నాలుక, ఎముక, కొలత పేరున ఆ పాఠం ఆమెకు సగం వచ్చే ఉంది. మిగతా సగం చెప్పడానికి మన పాఠ్యపుస్తకాలు ఈ మాట వాడితే చాలు.